డబ్లిన్ నుంచి రాస్‌కామన్ దాకా: జనాభా లెక్కల కాగితాల వెంట ఏడు రోజులు

బయలుదేరే ముందు

ఐర్లండ్ పాత జనాభా లెక్కల్లో దేశమంతటికీ ఇంటింటి ఫారాలు మిగిలింది రెండు విడతలవే. 1901 మార్చి 31 రాత్రి ఎవరు ఏ కప్పు కింద పడుకున్నారో చెప్పేవి కొన్ని, 1911 ఏప్రిల్ 2 రాత్రి సంగతి చెప్పేవి కొన్ని. రెండూ ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం, అసలు ఫారాల ఫొటోలతో సహా. అప్పటికి దేశ విభజన జరగలేదు కాబట్టి ఇప్పటి ఉత్తర ఐర్లండ్ కూడా అందులోనే ఉంటుంది. అంటే సగం పని విమానం ఎక్కకముందే అయిపోవాలి. డబ్లిన్ దాకా వెళ్లి రీడింగ్ రూమ్‌లో కూర్చుని 1911 ఫారం వెతకడమంటే తిరుపతి వెళ్లి ఫోన్‌లో ఎస్వీబీసీ పెట్టుకున్నట్టు.

వెతికేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇంటిపేరు దగ్గర. 1901లో ‘కానర్’ అని రాసుకున్న కుటుంబమే 1911లో ‘ఓకానర్’ కావచ్చు. ఆ పదేళ్లలో ఐరిష్ భాషాభిమానం పెరిగి, ఎప్పుడో వదిలేసిన ‘ఓ’, ‘మాక్’ మళ్లీ తగిలించుకున్నవాళ్లు ఉన్నారు. అందుకని పేరులో అనుమానమున్న చోట నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. అప్పటికీ దొరక్కపోతే పేరు వదిలేసి ఊరు పట్టుకోండి. కౌంటీ, దాని కింద డిస్ట్రిక్ట్ ఎలక్టోరల్ డివిజన్, దాని కింద టౌన్‌ల్యాండ్ లేదా వీధి, ఇలా దిగుతూ పోతే ఆ వీధిలోని ప్రతి ఇల్లూ వరుసగా కనిపిస్తుంది. చేతిరాత చూసి పేర్లు టైపు చేసినవాళ్లు పొరబడి ఉండొచ్చు గానీ, ఇల్లు మాత్రం తన వరసలోనే ఉంటుంది.

టౌన్‌ల్యాండ్ అనే మాట ఈ వారమంతా వినబడుతూనే ఉంటుంది. మన రెవెన్యూ గ్రామం కంటే చాలా చిన్న ముక్క అది, ఒక్కోచోట నాలుగైదు ఇళ్లే ఉంటాయి. దేశం మొత్తం మీద 60,000కు పైగా ఉన్నాయి. ఒకే పేరుతో పది చోట్ల ఉంటాయి కాబట్టి టౌన్‌ల్యాండ్ ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. పక్కనే సివిల్ పారిష్ (కొన్ని టౌన్‌ల్యాండ్‌లు కలిసిన పాత విభాగం), పూర్ లా యూనియన్ (పేదల సహాయం కోసం ఏర్పరచిన ప్రాంతం) పేర్లు కూడా నోట్ చేసుకోండి.

ఆదివారం: హెన్రియెట్టా స్ట్రీట్

ఆర్కైవ్స్‌కు సెలవు కాబట్టి మొదటి రోజు ఒక ఇంటికి. 14, హెన్రియెట్టా స్ట్రీట్ ఇప్పుడు మ్యూజియం. గైడ్ వెంట తప్ప లోపలికి పంపరు, టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. 1740ల చివర్లో సంపన్నుల కోసం కట్టిన నాలుగంతస్తుల మేడ. 1911 నాటికి అందులో 17 కుటుంబాలు, 100 మంది. గదికో కుటుంబం, కొన్నిచోట్ల ఒకే గదిని అడ్డు గోడలతో చీల్చిన కాపురాలు.

ఈ ఇంటి ముందు నిలబడి ఫోన్‌లో బీ1 ఫారం తెరవండి. చాలామంది కుటుంబ ఫారం, అంటే ఫారం ఏ చూసి సైట్ మూసేస్తారు. అదే పొరపాటు. ఫారం ఏలో ఇంటి పెద్ద చెప్పింది ఉంటుంది. బీ1లో పోలీసు చూసింది ఉంటుంది. ఈ లెక్కలు సేకరించింది డబ్లిన్‌లో మెట్రోపాలిటన్ పోలీసులు, మిగతా దేశమంతా రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ వాళ్లు. ప్రతి ఇంటికీ మార్కులు వేయడం వాళ్ల పని. గోడలు రాయి, ఇటుక, కాంక్రీటు అయితే 1, మట్టిదో చెక్కదో అయితే సున్నా. కప్పు పలక, ఇనుము, పెంకు అయితే 1, గడ్డి అయితే సున్నా. ఒకే గది ఉంటే 1, రెండు నుంచి నాలుగైతే 2, అయిదారుకు 3, ఏడు నుంచి తొమ్మిదికి 4, పది నుంచి పన్నెండుకు 5, ఆ పైన 6. చివరగా ఇంటి ముందువైపు ఎన్ని కిటికీలుంటే అన్ని మార్కులు. మొత్తం 11 దాటితే, లేదా సరిగ్గా 11 వచ్చినా, మొదటి తరగతి ఇల్లు. 6 నుంచి 10 దాకా రెండో తరగతి, 3 నుంచి 5 మూడోది, 1 లేదా 2 వస్తే నాలుగోది.

ఇప్పుడు ఎదురుగా ఉన్న మేడకు లెక్క కట్టండి. ఇటుక గోడ 1, పలక కప్పు 1, పదమూడుకు మించిన గదులు 6. అక్కడికే 8. వీధివైపు కిటికీలు మూడు ఎంచేసరికి మొదటి తరగతి వచ్చేసింది, ఇంకా పై అంతస్తుల్లో కిటికీలు మిగిలే ఉన్నాయి. నూరుమంది కిక్కిరిసిన ఇల్లు కాగితం మీద మొదటి తరగతి! పడమటి తీరంలో ఒకే గది, ఒకే కిటికీ ఉన్న మట్టిగోడల గుడిసెకు 2 మార్కులు, నాలుగో తరగతి. జనాభా లెక్కల ఆఫీసుకు ఈ మెలిక తెలియక కాదు. నివేదిక అచ్చు వేసేటప్పుడు మొదటి తరగతి ఇంట్లో 6 లేదా అంతకంటే ఎక్కువ కుటుంబాలుంటే దాన్ని నాలుగో తరగతి వసతి కింద లెక్కించేవారు. కానీ ఆ దిద్దుబాటు అచ్చు పట్టికల్లోనే ఉంది, మనం తెరిచే ఫారంలో లేదు. అందుకే బీ1లో ‘1వ’ అనే అంకె దగ్గర ఆగకుండా కుడివైపు గడులకు పోవాలి. ఎన్ని కుటుంబాలు, ఒక్కో కుటుంబం చేతిలో ఎన్ని గదులు, ఎంతమంది మనుషులు అనేది అక్కడుంటుంది. ఈ వీధికి సంబంధించినంత వరకు అసలు విషయం ఆ మూడు గడుల్లోనే ఉంది.

1913 సెప్టెంబరు 2న చర్చ్ స్ట్రీట్‌లో ఇలాంటి ఇళ్లు రెండు కూలి ఏడుగురు చనిపోయాక ప్రభుత్వం విచారణ జరిపింది. ఒకే గదిలో బతుకుతున్న కుటుంబాలు డబ్లిన్‌లో 20,108 అని తేలింది.

వీధి చివర కనిపించే పెద్ద భవనం కింగ్స్ ఇన్స్, బారిస్టర్లను తయారుచేసే సంస్థ. వి.వి.గిరి న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ వచ్చి 1916 దాకా ఉన్నది ఇక్కడి చదువుకే. 1911 లెక్కల్లో ఆయన పేరు ఉండదు. అయితే ఆ కాగితాల్లో కనిపించే డబ్లిన్‌కూ ఆయన చూసిన డబ్లిన్‌కూ మధ్య ఉన్నది రెండేళ్లే.

సోమవారం: బిషప్ స్ట్రీట్

నేషనల్ ఆర్కైవ్స్ ఉన్నది ఒకప్పటి జేకబ్స్ బిస్కెట్ ఫ్యాక్టరీ స్థలంలో. 1916 తిరుగుబాటులో ఆ ఫ్యాక్టరీని తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. రీడర్స్ టికెట్ చేయించుకోవాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, చిరునామా రుజువు దగ్గరుంచుకోండి. సంచి, పెన్ను లాకర్‌లో పెట్టేయాలి, లోపలికి పెన్సిలే. ఏ పెట్టె కావాలో కేటలాగ్ నంబరు ముందే రాసుకెళితే ఉదయమంతా కలిసొస్తుంది.

ఇక్కడ చూడాల్సినవి సైట్‌లో లేనివి. 1845-47 కరువు సహాయ సంఘానికి ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు, పోలీసులు కౌంటీల వారీగా పంపిన నేరాల నివేదికలు. ఇవి బతికి బయటపడటానికి కారణం చిన్నది. 1922లో డబ్లిన్ కోర్టుల భవనం ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డు ఆఫీసు కాలిపోయినప్పుడు, ఇవి ఉన్న చీఫ్ సెక్రటరీ (బ్రిటిష్ పాలనలో ఐర్లండ్ ప్రభుత్వాన్ని నడిపిన అధికారి) కాగితాలు డబ్లిన్ కోటలో ఉన్నాయి. వీటితో ఒక చిక్కుంది. ఒక ఏడాది వచ్చిన అర్జీని ఆ ఏడాది నంబరు కిందే ఉంచరు. మర్నాడో మరో ఏడాదో అదే విషయం మీద ఇంకో ఉత్తరం వస్తే, పాత కాగితాన్ని కొత్త ఫైలులోకి తోసేస్తారు. రిజిస్టర్‌లో దొరికిన నంబరుతో పెట్టె తెప్పిస్తే ఖాళీ కవరు రావచ్చు. అప్పుడు మళ్లీ రిజిస్టర్‌కు వెళ్లి, ఆ పద్దు పక్కన ఏ కొత్త నంబరు వేశారో చూసి, అక్కణ్నుంచి ముందుకు నడవాలి. మన సచివాలయంలో ఫైలు వెంట తిరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

సాయంత్రం హోటల్‌కు వచ్చాక 1901, 1911 ఫారాలు పక్కపక్కన పెట్టుకుని వయసులు చూడండి. 1901లో 54 ఏళ్ల మనిషి 1911లో 71 అంటాడు. పదేళ్లలో పదిహేడేళ్లు! ఇది మతిమరుపు ఒక్కటే కాదు. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది, 1909 జనవరి 1 నుంచి 70 నిండినవాళ్లకు వారానికి 5 షిల్లింగుల దాకా ఇవ్వడం మొదలుపెట్టారు. పుట్టుకల నమోదు మొదలైందే 1864లో, కాబట్టి ఆ వయసువాళ్లెవరి దగ్గరా సర్టిఫికెట్ లేదు. పింఛను ఆఫీసరుకు చెప్పిన వయసునే జనాభా ఫారంలోనూ రాయకపోతే చిక్కు. పైగా ఆ ఫారం పట్టుకెళ్లేది పోలీసు. అందుకే రెండు ఫారాల వయసులూ కుదరనప్పుడు 1901 వయసును కాస్త ఎక్కువ నమ్మొచ్చు. కాస్తే సుమా, అసలు పుట్టిన ఏడు తెలియనివాళ్లు అప్పుడూ ఉన్నారు.

ఆ పింఛను వల్ల మనకు అనుకోని మేలు ఒకటి జరిగింది. వయసు రుజువు కోసం ముసలివాళ్లు 1841, 1851 లెక్కల్లో తమ పేరు వెతికించమని అర్జీ పెట్టుకునేవారు. తల్లిదండ్రుల పేర్లు, అప్పటి టౌన్‌ల్యాండ్, పారిష్ ఆ అర్జీ ఫారం మీద రాయాలి. గుమస్తా అసలు పుస్తకం తీసి, దొరికితే ఆ కుటుంబం వివరాలు ఫారం మీద ఎక్కించేవాడు. తర్వాత అసలు పుస్తకాలు కాలిపోయాయి, అర్జీ ఫారాలు మిగిలాయి. ఇవీ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనే ఉన్నాయి. పెళ్లయిన ఆడవాళ్లు అర్జీ పెట్టుకున్నది భర్త ఇంటిపేరుతోనే అయినా గుమస్తా వెతికింది పుట్టింటి పేరుతో. మీరూ రెంటితోనూ వెతకాలి.

మంగళవారం: వెర్బర్గ్ స్ట్రీట్

జననాలు, మరణాలు, పెళ్లిళ్ల నమోదు కార్యాలయం పరిశోధన గది ఇక్కడుంది. నిజానికి నూరేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాలు ప్రభుత్వ వంశావళి సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఇటీవలి కాలానివి కావాలంటేనే ఇక్కడికి రావాలి.

ఈ రోజు పని ఒక్కటే, డబ్లిన్ ఇంటి నుంచి పల్లెకు దారి వేయడం. జనాభా ఫారంలో పుట్టిన చోటు అన్న గడిలో ‘రాస్‌కామన్’ అని కౌంటీ పేరే ఉంటుంది, ఊరు ఉండదు. ఆ లోటు తీర్చేది పెళ్లి రికార్డు. వరుడు, వధువుల నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తి అందులో ఉంటాయి. వయసు గడిలో ‘నిండు వయసు’ అని ఉంటే 21 దాటిందని తప్ప ఇంకేమీ అర్థం కాదు. పెళ్లి మామూలుగా అమ్మాయి పారిష్‌లో జరిగేది కాబట్టి అబ్బాయి ఊరి పుస్తకంలో వెతికి దొరకలేదని కూర్చోకండి. 1911 ఫారంలో పెళ్లయి ఎన్నేళ్లయిందో ఉంటుంది, దాన్నిబట్టి ఏ ఏడాది దగ్గర మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఆ గడి పక్కనే ఇంకో రెండుంటాయి: ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. 1901 ఫారంలో ఇవి లేవు. భర్త ఉన్న స్త్రీలే నింపాల్సిన గడులు. కొందరు వితంతువులు కూడా నింపారు, లెక్కలు రాసే పోలీసు వాటిని గీత పెట్టి కొట్టేశాడు. గీత కింద అంకె చాలాసార్లు చదవడానికి వీలుగానే ఉంటుంది, టైపు చేసిన సమాచారంలో మాత్రం రాదు. ఫొటో తెరిచి చూడాల్సిందే. పుట్టింది 9, ఉన్నది 5 అంటే మిగతా నలుగురిని మరణాల పుస్తకంలో వెతకొచ్చు.

పుట్టినతేదీని గుడ్డిగా నమ్మకండి. నమోదుకు గడువు దాటితే జరిమానా పడేది, అందుకని నిజంగా పుట్టిన రోజు కంటే తర్వాతి తేదీ చెప్పేవారు. చర్చి పుస్తకంలో బాప్తిస్మం మార్చి 2, ప్రభుత్వ పుస్తకంలో పుట్టుక మార్చి 20 అని కనిపిస్తే ఇద్దరు పిల్లలనుకోకండి.

బుధవారం: కిల్డేర్ స్ట్రీట్, తర్వాత పన్ను పుస్తకాలు

నేషనల్ లైబ్రరీలోని కాథలిక్ పారిష్ రిజిస్టర్ల ఫొటోలు 2015 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం. చాలా పుస్తకాల్లో లాటిన్ రాత. జేమ్స్ ‘జాకోబస్’ అవుతాడు, విలియం ‘గులియెల్మస్’ అవుతాడు. మెచ్చుకోవాల్సిన సంగతి ఏంటంటే తల్లి పుట్టింటి పేరు చాలావరకు రాసే ఉంటుంది.

మధ్యాహ్నం గ్రిఫిత్ వాల్యుయేషన్. 1847 నుంచి 1864 దాకా దేశమంతా తిరిగి, ఎవరి చేతిలో ఎంత భూమి ఉందో, దాని విలువెంతో రాసిన పన్ను పుస్తకం. మన అడంగల్‌కు అన్నయ్య అనుకోండి. ఎడమ చివర మ్యాపు నంబరు, పక్కన సాగుదారు, ఆ పక్కన అతనికి భూమి ఇచ్చినవాడు, తర్వాత ఎకరాలు, రూడ్లు, పర్చ్‌లు. ఎకరానికి 4 రూడ్లు, రూడ్‌కు 40 పర్చ్‌లు. ‘ఇల్లు, భూమి’ అని కాకుండా ‘భూమి’ అని మాత్రమే ఉంటే ఆ మనిషి కాపురం వేరేచోట. ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఒకే పేరు ఇద్దరికి ఉంటే పక్కన కుండలీకరణాల్లో తండ్రి పేరో, జుట్టు రంగో రాశారు. మన ఊళ్లలో ‘సుబ్బయ్య కొడుకు వెంకయ్య’, ‘ఎర్ర వెంకయ్య’ అన్నట్టే. ఆ చిన్న మాట ఒక్కోసారి ఒక తరం వెనక్కి తీసుకెళుతుంది.

గ్రిఫిత్ ఒక్క రోజు ఫొటో లాంటిది. తర్వాత ఏం జరిగిందో రద్దయిన పుస్తకాల్లో ఉంటుంది, అవి వాల్యుయేషన్ ఆఫీసువి (2023లో ఆ ఆఫీసు టాల్చె ఎయిరన్ అనే ప్రభుత్వ సంస్థలో కలిసిపోయింది). సాగుదారు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి పైన కొత్త పేరు, పక్కన ఏడాది. ఒక్కో విడత దిద్దుబాటుకు ఒక్కో రంగు సిరా, కాబట్టి నలుపు తెలుపు కాపీ తీసుకుంటే పనికిరాదు. రంగు చూస్తేనే ఏ పేరు ఏ ఏడాదితో జత అవుతుందో తెలుస్తుంది. కొట్టేసిన ఏడాదికి అటూ ఇటూ మరణ రికార్డు వెతకండి. అయితే తండ్రి పోయిన చాలా ఏళ్లకు గానీ పేరు మార్చని ఇళ్లున్నాయి. ‘ఎల్‌ఏపీ’ అన్న ముద్ర కనిపిస్తే భూమి కొనుగోలు చట్టం కింద ఆ కౌలుదారు సొంతదారు అయ్యాడన్నమాట.

గురువారం: స్ట్రోక్స్‌టౌన్

డబ్లిన్ కానలీ స్టేషన్ నుంచి స్లైగో రైలెక్కి లాంగ్‌ఫర్డ్‌లో దిగి రోడ్డు మీద స్ట్రోక్స్‌టౌన్ చేరొచ్చు. కారుంటే రేపటికి కూడా పనికొస్తుంది. జమీందారు మాహన్ కుటుంబం భవనం ప్రాంగణంలోనే జాతీయ కరువు మ్యూజియం. ఎస్టేట్ కాగితాలు ఇంట్లోనే దొరకడం ఈ చోటు ప్రత్యేకత.

ఇక్కడ చూడాల్సిన కాగితం క్లూనహీ కౌలుదారులు 1846 ఆగస్టులో రాసిన అర్జీ. బంగాళాదుంప రెండో ఏడూ కుళ్లిపోయింది, పని ఇప్పించమని అడిగారు. సోమవారం చదివిన సహాయ సంఘం ఉత్తరాలు, పోలీసు నివేదికలు డబ్లిన్‌కు వెళ్లిన వైపు. ఈ అర్జీ జమీందారుకు వెళ్లిన వైపు. మరుసటి ఏడాది ఎస్టేట్ 1,490 మందిని ఖాళీ చేయించి కెనడా పంపింది. రాయల్ కెనాల్ గట్టున డబ్లిన్ దాకా నడిపించి, అక్కణ్నుంచి లివర్‌పూల్, అక్కణ్నుంచి ఓడల్లో క్యూబెక్. దారిలోనే ఎందరో చనిపోయారు. 1847 నవంబరులో జమీందారు డెనిస్ మాహన్‌ను కాల్చి చంపారు. వాళ్లు నడిచిన దారి ఇప్పుడు 165 కిలోమీటర్ల నడక బాట.

నిన్నటి గ్రిఫిత్ పుటలు ఇక్కడ మళ్లీ తీయండి. రాస్‌కామన్ వాల్యుయేషన్ జరిగింది ఈ ఖాళీ చేయింపుల తర్వాత. అంటే ఆ పుస్తకంలో పేరు లేనంత మాత్రాన ఆ కుటుంబం ఈ ఊరిది కాదని కాదు. ఇలాంటప్పుడు 1823-37 నాటి టైత్ పుస్తకాల్లోకి వెనక్కి వెళ్లాలి. చర్చి పన్ను కోసం రాసినవి కాబట్టి సాగు భూమి ఉన్నవాళ్లే ఉంటారు, కూలీలు ఉండరు.

శుక్రవారం: పోర్టమ్నా

గాల్వే కౌంటీలో 1852లో తెరిచిన వర్క్‌హౌస్, అంటే నిరుపేదలకు పని చేయించుకుని తిండి, నీడ ఇచ్చిన చోటు, ఇప్పుడు చూడ్డానికి తెరిచి ఉంటుంది. ఏ నెలల్లో తెరుస్తారో ముందే కనుక్కోండి. భర్తను, భార్యను, అబ్బాయిలను, అమ్మాయిలను వేర్వేరు ప్రాంగణాల్లో ఉంచేవారు. గోడలు చూస్తే ఆ ఏర్పాటు ఇప్పటికీ అర్థమవుతుంది. గాల్వే పూర్ లా యూనియన్లలో వర్క్‌హౌస్‌లను నడిపిన సంరక్షక మండళ్ల మినిట్స్ పుస్తకాలు కౌంటీ ఆర్కైవ్స్ సైట్‌లో ఉన్నాయి. వాటిలో పేర్ల కంటే కాంట్రాక్టులు, ఓట్‌మీల్ ధరలు, జబ్బుల లెక్కలే ఎక్కువ. మనుషుల పేర్లు ప్రవేశ రిజిస్టర్‌లో ఉంటాయి, అవి మిగిలిన యూనియన్లు తక్కువ.

జనాభా లెక్కల్లో ఇలాంటి సంస్థలకు వేరే ఫారాలున్నాయి. మానసిక వైద్యశాలల్లో రోగులకు, పోలీసు బ్యారక్స్‌లో కానిస్టేబుళ్లకు పూర్తి పేర్లుండవు, పొడి అక్షరాలే. ఇంట్లో కనిపించని మనిషిని వెతికేటప్పుడు పొడి అక్షరాలు, వయసు, పుట్టిన కౌంటీ, మతం నాలుగూ కలిస్తేనే ఒప్పుకోండి. పుట్టిన చోటు గడిలో ‘ఇండియా’, ‘ఈస్ట్ ఇండీస్’ అని ఉన్నవాళ్లు కూడా తగులుతారు, చాలావరకు సైనికుల పిల్లలు.

శనివారం: లిఫీ గట్టున

చివరి రోజు చదవడానికేమీ లేదు, చూడ్డానికే. ఫోర్ కోర్ట్స్ గుమ్మటం వెనక, పడమటి వైపు ఉండేది పబ్లిక్ రికార్డు ఆఫీసు. అంతర్యుద్ధం మొదలైన మూడో రోజు, 1922 జూన్ 30న జరిగిన పేలుడులో 1821, 1831, 1841, 1851 లెక్కలు కాలిపోయాయి. కాలిన కాగితాలు నగరమంతా ఎగిరిపడ్డాయి. కవన్, మీత్, గాల్వే లాంటి కొన్ని కౌంటీల ముక్కలు మిగిలాయి. ఐరిష్ వంశావళి వెతికేవాళ్లు అన్నీ ఈ మంటల ఖాతాలోనే వేస్తారు, అది సరికాదు. 1861, 1871 కాగితాలను లెక్క ముగిశాక ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కాగితం కరువొచ్చి గుజ్జు చేసేశారు. 1921లో స్వాతంత్ర్య పోరాటం వల్ల లెక్కలే జరగలేదు. తర్వాతవి 1926 ఏప్రిల్ 18వి. నూరేళ్ల దాకా ఫారాలు బయటపెట్టకూడదన్న నిబంధన గడువు తీరేది 2026 ఏప్రిల్ 18న. అందులో వయసు ఏళ్లతో పాటు నెలల్లోనూ అడిగారు. 1911లో పదిహేడేళ్లు పెరిగినవాళ్ల పిల్లలు ఈసారి ఏం చెప్పారో చూడాలి. ఉత్తర ఐర్లండ్ 1926 ఫారాలు మాత్రం మిగల్లేదు.

తగలబడినవాటి నకళ్లు, సారాంశాలు ఎక్కడెక్కడున్నాయో పోగుచేస్తున్న వర్చువల్ రికార్డ్ ట్రెజరీ సైట్ 2022 జూన్‌లో మొదలైంది. విమానానికి టైముంటే గట్టు మీద బెంచీలో కూర్చుని అందులో మీ టౌన్‌ల్యాండ్ పేరు కొట్టి చూడండి. స్పెల్లింగ్ ఒక్కటే ప్రయత్నించి వదలకండి, కనీసం మూడు.